రెప్ప కింద ఎరుపు

తెల్లదొరలు వెళ్లిపోయిన కొత్తల్లో మా ఇంట్లో ఒక దొరసాని ఉండేది. రెండేళ్ల నా కూతురే. అంత తెల్లగా ఉంటే అందరం మురిసిపోయేవాళ్లం. అది ఒంట్లో రక్తం లేని తెలుపని ఎవరికి తెలుసు?

మాది సీతారామపురం దగ్గర పల్లె. దొడ్డినిండా మేకలు. బిడ్డ పాలు తప్ప ఇంకేదీ ముట్టేది కాదు. సంగటి ముద్ద నోట్లో పెడితే తుపుక్కున ఉమ్మేసేది. నా కన్నుగప్పి గోడ మన్ను మాత్రం గిల్లుకుని తినేది. నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేది.

చివరికి చంకనేసుకుని ఉదయగిరి దాకా నడిచి, అక్కడ ఆత్మకూరు బస్సెక్కాను. ఆసుపత్రిలో డాక్టరు బిడ్డ కింది రెప్ప లాగి నాకు చూపించాడు.

"ఇక్కడ ఎర్రగా ఉండాలమ్మా. చూడు, సున్నం కొట్టినట్టుండాది. ఏం పెడతావుండావు?"

"పాలు సామీ. అడిగినన్ని."

"పాలతోనే కడుపు నిండితే ఇంక కూడెందుకు తింటాది? రక్తం పట్టాలంటే పాలొక్కటే చాలదు, మేక కార్జం, ఆకుకూర కూడా కడుపులో పడాల. పొద్దునొక గ్లాసు, మాపున ఒక గ్లాసు. అంతే."

నేను తీసుకెళ్లిన సీసాలో ఇనుము కలిసిన మందు పోసిచ్చారు.

ఇంటికొచ్చి పాలు తగ్గించేసరికి మా అత్త మండిపడింది. "ఇన్ని మేకలు పెట్టుకోని పసిబిడ్డకి పాలు కొలిచి పోస్తావా? నువ్వు తల్లివేనా?"

మూడు రోజులు బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. దొడ్డి వెనక్కి పోయి నేనూ ఏడ్చాను. నాలుగో రోజు ఊళ్లో మేకను కోస్తే కార్జం తెచ్చి, నిప్పుల మీద కాల్చి, ఉప్పద్దుకుని నేనొక్కదాన్నే తినడం మొదలుపెట్టాను. బిడ్డను పిలవలేదు, దానివైపు చూడలేదు. కాసేపటికి ఒక చిన్న చెయ్యి నా పళ్లెంలోకి వచ్చి ముక్క లాక్కుపోయింది. తర్వాత ఇంకొకటి. మా అత్త ఏదో అనబోతే కళ్లతోనే వద్దన్నాను.

ఆనాటి నుంచి దాన్ని తినమని ఎవరూ బతిమాలలేదు. అందరి పళ్లాలూ దాని చేతికందేలా పెట్టుకున్నాం. మునగాకు పప్పులో నిమ్మకాయ పిండితే సంగటి కూడా తిన్నది. మన్ను జోలికి పోవడం దానంతటదే మానేసింది.

రెండు నెలల తర్వాత అత్తా నేనూ మళ్లీ ఆత్మకూరు వెళ్లాం. బస్సు దిగింది మొదలు బిడ్డ ఎత్తుకోనివ్వకుండా ఆసుపత్రి దాకా తనే నడిచింది. డాక్టరు రెప్ప లాగబోతే ఆయన చేతి మీద చెళ్లున ఒకటిచ్చింది.

"కొట్టే ఓపిక వచ్చినాదే!" అని ఆయన పకపకా నవ్వాడు. ఎలాగో రెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉంది. "ఇంత బాగా ఎవరమ్మా చూసుకునింది?"

నేను నోరు తెరిచేలోపే మా అత్త ముందుకొచ్చింది. "మా కోడలే సామీ. నేను తిట్టినా ఇనలా."

ఆ మాటకు ఆసుపత్రి వరండాలోనే ఎగిరి గంతెయ్యాలనిపించింది నాకు.