పాలకాయతిప్పలో పిపిట్ కూత

పక్షుల ఇంగ్లీషు పేర్లంటే నాకు పిచ్చి. చిన్న పిట్టలవి మరీ ముచ్చటగా ఉంటాయి. ఆకులు కుట్టి గూడు చేసుకునేది టైలర్‌బర్డ్. గొంతు వణికిస్తూ పాడేది వార్‌బ్లర్. పిపిట్‌కైతే దాని సన్నటి కూతే పేరైంది. గుప్పిట్లో పట్టే జిట్టింగ్ సిస్టికోలా ఎగురుతూ ‘జిట్ జిట్’ అంటుంది. రెండేళ్లుగా దివిసీమలో ఈ చివరి రెండూ నాకు వినపడలేదు. రొయ్యల చెరువులే తరిమేశాయని ఈ బ్లాగులోనే రెండుసార్లు మండిపడ్డాను. మూడోసారి రాసేముందు ఓసారి చూసి వద్దామని మొన్న ఆదివారం బయల్దేరాను.

బందరులో ఐదున్నరకి ఎక్కిన బస్సు ఏడు దాటకముందే అవనిగడ్డలో దించింది. అక్కడి నుంచి కోడూరుకి ఇంకో బస్సు, అరగంట. బస్సులకి రానూపోనూ రెండు వందల లోపే అవుతుంది. కోడూరులో టీ తాగి, పాలకాయతిప్పకి ఏడు వందలకి నాగరాజు అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. మబ్బు పట్టి ఉంది. దారికి రెండువైపులా చెరువులే. నీటికాకుల్ని బెదరగొట్టడానికి ఎక్కడో టపాసు పేల్చారు.

“చూశారా, ఇలా కాలుస్తుంటే పిట్టలేం ఉంటాయి?” అన్నాను.

“అవి రొయ్యల్ని తినేవాటి కోసమండీ. బుల్లి పిట్టల జోలికి ఎవరెళ్తారు?” అన్నాడు నాగరాజు.

తిప్ప దగ్గర గడ్డి బీడు పక్కన ఆటో ఆపించి పది నిమిషాలు నిలబడ్డాను. గాలి, దూరంగా కెరటాల హోరు, అంతే. “ఒక్కటీ లేదు” అన్నాను.

నాగరాజు నా వంక అదోలా చూశాడు. “అరుస్తూనే ఉన్నాయి కదండీ. అదిగో, ఆ కర్ర మీద.”

బైనాక్యులర్స్ పెట్టి చూశాను. పిపిటే. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, మళ్లీ తెరుస్తోంది. నాకు ఏమీ వినపడలేదు.

“ఇప్పుడు అరుస్తోందా?”

“ఆ, అరుస్తోందండీ.”

“ఇప్పుడు?”

“ఇప్పుడూనండీ.”

బైనాక్యులర్స్ దించేశాను. ఏడుపొచ్చింది. నాగరాజు అటు తిరిగి ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

మంగళవారం బందరులో చెవుల డాక్టరు పరీక్ష చేశారు. వయసుతో సన్నటి శబ్దాలు ముందు పోతాయని, మిషన్ పెట్టుకుంటే కొంత మేలే గానీ పాత వినికిడి రాదని చెప్పారు. చెరువుల మీద రాసిన రెండు పోస్టులూ తీసేశాను. పిట్టలు ఉన్నందుకు సంతోషించాలి. సంతోషం రావడం లేదు. ఇకమీదట పిపిట్ ఏమంటుందో నాకు దాని పేరే చెప్పాలి.

యాభై దాటినవాళ్లు ఈ దారిన వెళ్తే, చెవులు బాగున్న మనిషినొకర్ని వెంట తీసుకెళ్లండి. పిట్టలు లేవని రాసేముందు వాళ్లని అడగండి.