రెండూ ఒకే పంటు ఎక్కకూడదు

మా అక్కగారు ప్రభువు దగ్గరకి వెళ్ళిపోయేరని మొన్న ఆదివారం కబురొచ్చింది. "మధ్యాహ్నమే సమాధి అండీ" అన్నారు ఫోనులో. నేను అమలాపురం చేరేసరికే మట్టి కప్పేసేరు. నిలబడ్డాను. ఏం చెయ్యాలో ఎవర్నడగను? ఇన్నేళ్ళూ ఆవిడనే అడిగేను.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఎనభైల చివర్లో అమలాపురంలో ఓ కొబ్బరి ఎగుమతుల కంపెనీలో కంప్యూటరు గదికి పెద్ద. ఎం.ఏ. చదివి ఖాళీగా కూర్చున్న నన్ను పిలిచి కుర్చీ చూపించింది ఆవిడే. అన్ని బల్లల మీది తెరలకీ లెక్కలు అందించే పెద్ద మిషను ఆ గదిలో ఉండేది. అక్కడ పనిచేసేవాళ్ళం అందరం ఆడవాళ్ళమే.

ఓ వానాకాలం కంపెనీ గోదారి పాయ దాటి, రాజోలు వైపు కట్టిన కొత్త భవనానికి మారాల్సొచ్చింది. "మిషను అక్కడ మళ్ళీ నడవకపోతే చేత్తో లెక్కలు రాసే పాత గుమస్తాల్నే పిలుచుకుంటాను. మీరంతా ఇళ్ళకే" అని యజమానిగారు తేల్చేసేరు. మంచం పట్టిన నాన్నగారితో నా జీతం మీదే నడిచే ఇల్లు మాది. ముద్ద దిగేది కాదు నాకు.

అక్కగారు మాత్రం పాత జాకెట్టు గుడ్డలు చింపుతూ కూర్చున్నారు. ప్రతి వైరు చివరా, అది దూరే చోటా ఒకే రంగు పీలిక కట్టేరు. "భయంలో చదువు పనిచెయ్యదమ్మా, రంగు పనిచేస్తుంది" అనేవారు. మిషను లోపల లెక్కలుండే పళ్ళెం మీద సూదిలాంటిదొకటి తిరుగుతుంది. కదిలించేముందు దాన్ని పక్కకి జరిపి పెట్టాలి, లేకపోతే కుదుపుకి పళ్ళెం గీరుకుపోతుంది. ఆ పని నా చేత చేయించి, "నమ్మకం కుదిరిందా?" అన్నారు.

"లేదండీ."

"ఆయ్, అదే మంచిది. మళ్ళీ చూడు."

నా అనుమానాన్ని జబ్బులా చూడని మనిషి నాకు ఆవిడొక్కరే.

లెక్కలన్నిటికీ నకళ్ళు ఫ్లాపీల్లోకి ఎక్కించి బిస్కెట్ల డబ్బాలో సర్దేరు. "మిషనూ నకలూ రెండూ ఒకే పంటు ఎక్కకూడదు" అంటూ నన్ను మిషనుతో, బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు ఉన్న బోడసకుర్రు రేవుకి పంపేరు. తను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గన్నవరం అక్విడక్టు వంతెన మీదుగా చుట్టూ తిరిగొచ్చే బస్సెక్కేరు.

రేవులో యజమానిగారి తల్లిగారు ఉన్నారు. కొత్తకోడలు ఏరు దాటుతుంటే చేసినట్టే గోదారమ్మకి కొబ్బరికాయ కొట్టి, చెంబు తీసుకుని దుప్పట్లు చుట్టిన మిషను మీద పసుపునీళ్ళు చల్లేరు.

"వద్దు మామ్మగారూ!" అని నేను అరిచేసరికే చెంబు ఖాళీ.

"గోదారి నీళ్ళకే పాడయ్యేదాన్ని ఎందుకు కొన్నాడే మావాడు?" అన్నారావిడ. పంటు మీదున్నవాళ్ళంతా నవ్వేరు. నాకు ఏడుపొచ్చింది.

అవతలికి చేరేక "ఆరనివ్వండి బాబూ, తడిసింది" అని బతిమాలేను. ముహూర్తం దాటిపోతోందని యజమానిగారు స్విచ్చి వేయించేసేరు. చిటపటమని ఓ చప్పుడు, కాలిన వాసన. తెర నల్లగానే ఉండిపోయింది. ఆయన మా వైపు చూసేరు. గుమ్మం వైపు చూసేరు, అంతే.

ఇక మిగిలింది ఆ డబ్బా. బస్సు రావడం లేదు. దారిలో రోడ్డు మునిగిందన్నారు. వరండాలో మా గదివాళ్ళం అందరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. డబ్బా కూడా తడిస్తే? అసలు ఆవిడకే ఏమైనా అయితే? ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మర్చిపోయేను.

సాయంత్రం వానలో గట్టు మీద ఓ గొడుగు కనిపించింది. అక్కగారు నడిచొస్తున్నారు. గొడుగు డబ్బా మీద ఉంది, తల మీద లేదు. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.

తడి దుప్పటి ముట్టుకుని అంతా గ్రహించేరు. "ఎవరిది తప్పు?" అని యజమానిగారు గర్జిస్తే, మామ్మగారు తల దించుకున్నారు.

"పెద్దావిడ దీవించేరండీ. దీవెన కాస్త ఎక్కువైంది, అంతే. లెక్కలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, మిషను ఇంకోటి తెప్పించండి" అన్నారు అక్కగారు. మా వైపు తిరిగి, "ఏవైనా తిన్నారా?" అన్నారు.

కొత్త మిషను వచ్చింది. పాతదాని పీలికలు విప్పి దీనికి కట్టి, ఎరుపు ఎరుపుతో, పసుపు పసుపుతో కలిపేం. ఫ్లాపీలన్నీ పలికేయి. మా కుర్చీలు మాకే ఉన్నాయి.

మొన్న సమాధి దగ్గర అందరూ వెళ్ళిపోయేక వాన మొదలైంది. కొత్తమట్టి కరిగి జారుతోంది. ఏం చెయ్యాలో తోచలేదు. గొడుగు విప్పి ఆ మట్టి మీద పట్టుకుని, తడుస్తూ చాలాసేపు నిలబడ్డాను.