ఎడమకు తిరగని బ్యాండు

భవానీపురంలో నేను పొద్దున్నే నడిచే పార్కులో ఈమధ్య ఒక బోర్డు పెట్టారు. అందరూ ఎడమచేతి వైపు తిరుగుతూనే నడవాలట, ఎదురు రాకూడదట. వస్తే ఏమవుతుందో మాత్రం రాయలేదు. ఇన్నాళ్ళూ ఎదురొచ్చేవాళ్ళ మొహాలు చూసి, రాత్రి ఎవరికి నిద్ర పట్టిందో ఎవరికి పట్టలేదో కనిపెడుతూ కాలక్షేపం చేసేవాణ్ణి. ఇప్పుడు రోజూ నలభై నిమిషాలు ఒక రిటైర్డ్ ఇంజనీరుగారి వీపు చూస్తున్నాను. వీపు మంచిదే, కాదనను. కానీ ఎంతసేపని చూస్తాం? పైగా ఎడమకు తిరగడమంటే అంత తేలికైన పని కాదని ఆ బోర్డు రాసినవాళ్ళకి తెలిసినట్టు లేదు. నాకు తెలుసు. ఆ ఒక్క విద్య ముప్ఫై ఇద్దరు ఆడపిల్లలకి నేర్పలేక చేతులెత్తేసిన మాస్టారుని నేను.

రిటైరయ్యే ముందు ఏడాది సంగతి. సిస్టర్లు నడిపే ఆడపిల్లల బళ్ళో సోషల్ చెప్పేవాణ్ణి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే రెండు పనులు జరిగాయి. కొత్త బిల్డింగు కోసమని ఆటస్థలం నిండా కంకర పోశారు. ఈ చుట్టుపక్కల కాన్వెంట్లన్నిటికీ పెద్దదిక్కయిన మదర్ గారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ స్టోర్ రూములో బ్యాండు సెట్టు ఏళ్ళ తరబడి మూలపడి ఉందట, ఇంకో ఊళ్ళో మన పెద్ద స్కూలువాళ్ళు అడుగుతున్నారు, పంపించెయ్యండి అని. మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు అది చదివి, స్టోర్ రూము తాళం తీయించి ఆ పూటంతా అక్కడే ఉన్నారు. ఆవిడ చదువుకున్నది కూడా ఆ బళ్ళోనే. తొమ్మిదో తరగతిలో ఆ సెట్టులోని పెద్ద డ్రమ్ము మోసింది ఆవిడే. సాయంత్రానికి జవాబు రాశారు. ఒక్క ఏడాది గడువివ్వండి, రిపబ్లిక్ డే నాడు జిల్లా పరేడ్‌లో మా పిల్లలు వాయిస్తారు, మీరే వచ్చి చూడండి, బాగుండకపోతే డ్రమ్ములు నా చేతుల్తో నేనే లారీ ఎక్కిస్తాను అని. రాసేశాక, ఈ పని ఎవరికి అప్పజెప్పాలా అని వరండాలోకి వచ్చారు. డ్రిల్లు మాస్టారు వేసవిలోనే మానేశారు. ఆ సమయానికి నేను ఖాళీగా కనిపించాను. నా ఉద్యోగ జీవితంలో చేసిన తప్పుల్లో అది ముఖ్యమైనది.

"మాస్టారూ, మీకు సంగీతం వచ్చా?"

"రాదండీ."

"మంచిది. పిల్లలకి అడ్డు రారు."

డ్రమ్ముల్లో ఎలుకలు మూడు తరాలుగా కాపురం ఉన్నాయి. వాటిని ఖాళీ చేయించి, వన్‌టౌన్‌లో పెళ్ళి బ్యాండు నడిపే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి తోళ్ళు మార్పించాం. ఆయన దయగలవాడు. ఊరికే పంపడం ఇష్టం లేక నాలుగు శనివారాలు వచ్చి పిల్లలకి దరువు కూడా నేర్పాడు. ఆయనకి తెలిసినది పెళ్ళికొడుకు ఊరేగింపు దరువు ఒక్కటే. సిస్టర్ గారు విని, "బాగానే ఉంది గానీ మాస్టారూ, గుర్రం ఎక్కడ?" అన్నారు. ఆ దరువును మార్చింగ్ దరువుగా మార్చడానికి దసరా సెలవుల దాకా పట్టింది. అప్పటికీ మేము ఆదమరిస్తే పెళ్ళికొడుకు బయల్దేరేవాడు.

మొదట్లో చేరినవాళ్ళు ఆరుగురు. పెద్ద డ్రమ్ము ఎత్తగలిగింది ఒక్కతే. కొల్లేటి లంకల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే తొమ్మిదో తరగతి పిల్ల, చేపలమ్ముకునే వాళ్ళమ్మాయి. అంతకు ముందు ఏడాది మూడుసార్లు హాస్టల్ నుంచి చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయి, మూడుసార్లూ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తిరిగొచ్చిన ఘనత తనది. మాట్లాడించడం కష్టం. "బరువుందా అమ్మా?" అని అడిగితే, "మా అమ్మ గంప కన్నా తక్కువేనండి," అంది. జూలైలో ఆ పిల్ల నాతో మాట్లాడింది మొత్తం అంతే. ఆగస్టులో ఇంకో మాట అంది. "ఇవి పంపించేత్తే నేనూ మా ఊరెళ్ళిపోతానండి." బెదిరింపు కాదు. వర్షం వచ్చేలా ఉందని చెప్పినట్టు చెప్పింది.

ఆటస్థలంలో కంకర ఉంది కాబట్టి, మార్చింగ్‌కి మిగిలింది పెరట్లో మరియమాత గుహ చుట్టూ ఉన్న సన్నటి సిమెంటు బాట ఒక్కటే. ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడోవాళ్ళకి చోటుండదు. పెద్ద డ్రమ్ముకి పక్కన ఒక్కళ్ళకి కూడా ఉండదు, అందుకని దాన్నే ముందు నడిపించాం. మొదటిరోజు నేను విజిలేసి ఎడమకి తిరగమన్నాను. ఒక్కళ్ళూ కదల్లేదు. గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"అదేంటి మాస్టారూ, తల్లి చుట్టూ ఎడం ప్రదక్షిణం చేయిత్తారా? చదువుకున్నోళ్ళు!"

పిల్లల్లో సగం మంది హిందువులు, ఓ పావు వంతు ముస్లిములు, మిగతావాళ్ళు క్రైస్తవులు. ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మతం. తల్లి కుడిచేతి వైపే ఉండాలి. సిస్టర్ గారిని అడిగితే, "మరియమ్మగారికి పట్టింపు లేదు మాస్టారూ. పిల్లలకి ఉంటే ఉండనివ్వండి," అని తేల్చేశారు. అలా ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం మా బ్యాండు కుడికి తిరిగింది. కుడికే తిరిగింది.

దానివల్ల బడి ఎలా మారిందో నాకు అర్థం కావడానికి టైము పట్టింది. పొద్దున ప్రార్థన నుంచి తరగతులకి డ్రమ్ము మీద నడవడం మొదలయ్యాక ఆలస్యంగా వచ్చేవాళ్ళు తగ్గారు. నడక చూడ్డానికి ముందే వచ్చేవాళ్ళట. లెక్కల మేడమ్ గారు చప్పుడంటే కస్సుమనే మనిషి, నవంబరు నాటికి కిటికీ దగ్గర నిలబడి బల్లమీద వేళ్ళతో దరువేస్తూ దొరికిపోయారు. వంటమ్మ బ్యాండు పిల్లలకి రెండో గుడ్డు వడ్డించింది, ఇక చేరేవాళ్ళకి కొదవలేదు. ఒక ఏడో తరగతి పిల్ల తండ్రి దర్జీ, ముప్ఫై రెండు తెల్ల కోట్లు తన మిషను మీదే కుట్టిచ్చాడు. క్రిస్మస్‌కి పిల్లలు ఇళ్ళకి వెళ్తుంటే, కొల్లేటి పిల్ల మాత్రం సంచీ సర్దుకుని పెద్ద డ్రమ్ము పక్కన కూచుంది. "ఇంటికెళ్ళవా?" అంటే, "వెళ్ళి వత్తానండి," అంది. వస్తానని తను చెప్పడం అదే మొదలు.

జనవరి మొదట్లో పరేడ్ గ్రౌండు పటం వచ్చింది. వేదిక ముందు నుంచి నడవాలి, జెండా స్తంభం దగ్గర ఎడమకి తిరగాలి, ఇరవై అడుగులేసి వేదిక పక్కన ఆగిపోవాలి. చదివి కూర్చుండిపోయాను. మూడు వారాలు వరండాలో ఎడమ నేర్పాను. ఎడమచేతులకి రిబ్బన్లు కట్టాను. విజిలేస్తే ముప్ఫై రెండు రిబ్బన్లూ కుడికి తిరిగేవి.

రిపబ్లిక్ డే నాడు మదర్ గారు నిజంగానే వచ్చారు. వేదిక దగ్గర రెండో వరసలో, మా సిస్టర్ గారి పక్కన. సిస్టర్ గారి చేతిలో జపమాల ఉంది, వేళ్ళు మాత్రం కదలడం లేదు. నేను జెండా స్తంభం దగ్గర ఎడమచెయ్యి చాచి, ట్రాఫిక్ కానిస్టేబులులా నిలబడ్డాను. మా పిల్లలు వేదిక దాటారు. అడుగు తప్పలేదు. కొల్లేటి పిల్ల నన్ను చూసింది, నా చెయ్యి చూసింది, కుడికి తిరిగింది. వెనకాల ముప్ఫై ఒక్కరూ తిరిగారు.

కుడివైపు ఉన్నది గ్రౌండంతా. అవతలి చివర తాడు వెనక, ఎండలో, జనం. పొద్దుట్నుంచీ వాళ్ళ దాకా ఒక్క బ్యాండూ వెళ్ళలేదు, వాళ్ళకి కనిపించింది వీపులే. మా పిల్లలు వాళ్ళ ముందుకి వెళ్ళేసరికి, నేను భయపడ్డట్టే, పెళ్ళికొడుకు బయల్దేరాడు. తాడు వెనక జనమంతా లేచారు. చప్పట్లు దరువులో కలిసిపోయాయి, ఎవరో ఈల వేశారు, ఒక ముసలాయన కండువా తిప్పాడు. గ్రౌండు చుట్టూ తిరిగి పిల్లలు మళ్ళీ వేదిక ముందుకొచ్చారు. కూర్చున్న పెద్దలందరూ మళ్ళీ లేచి మళ్ళీ సెల్యూట్ చేయాల్సి వచ్చింది. నిబంధనల ప్రకారం మాకు రావాల్సిన బహుమతి ఏదీ లేదు కనక, ప్రత్యేక ప్రశంస అని ఒకటి అప్పటికప్పుడు కనిపెట్టి ఇచ్చారు. మదర్ గారు సిస్టర్ గారి చెయ్యి పట్టుకుని, "డ్రమ్ములు ఇక్కడే ఉండనీ. ఆ పెద్ద స్కూలువాళ్ళని వేరే చూసుకోమంటాను," అన్నారు. సిస్టర్ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ పిల్ల పక్కన సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. పిల్లలకి మనం ఏం నేర్పామో ఆ ఏడాదే తెలిసిపోదు, ఒక్కోసారి ఎప్పటికీ తెలియదు. కానీ ఆ క్షణాన నాకంతా తెలిసినట్టే ఉంది. అందుకని ఓదార్చబోయాను. పర్లేదమ్మా, ఎడమకి తిరగడం రాకపోయినా అంతా మంచే జరిగింది, తప్పు నాదే, నేనే సరిగ్గా నేర్పలేకపోయాను అన్నాను.

ఆ పిల్ల నావైపు తిరిగింది.

"రాకపోవడమేంటండీ? ఎడమకి తిరిగితే ఇరవై అడుగుల్లో అయిపోద్ది కదండీ. ఏడాదంతా వాయించింది ఇరవై అడుగులకాండీ?"