షార్జాలో లండన్ అచ్చుపుస్తకాలు, పదకొండో పేజీలో నా తప్పు

సుగుణక్క ఇరవై తొమ్మిదేళ్ళు అబుదాబిలో కాన్పుల వార్డు నర్సుగా చేసింది. ఊరు నరసాపురం దగ్గర. అబుదాబి శివారు బనియాస్‌లో మా పక్క గది. రిటైరై, వీసా రద్దు చేయించుకుని, ఆదివారం రాత్రి విమానానికి శాశ్వతంగా వెళ్ళిపోవాలి. వెళ్ళేముందు ఆమెకు రెండు కోరికలు. మొదటిది, కొత్తగా వచ్చే తెలుగు నర్సుల కోసం తాను రాసిన చిన్న పుస్తకాన్ని అచ్చులో చూసుకోవడం. కాన్పు గదిలో అరబ్బు తల్లులకు ఏది ఎలా చెప్పాలో అందులో ఉంటుంది. ఎడమపక్క తెలుగు మాట, కుడిపక్క తెలుగు లిపిలోనే దానికి అరబ్బీ మాట. సరైన మాట నోటికి రాక మొదటి నెలలో తాను ఏడ్చిన ఏడుపు ఇంకే పిల్లా ఏడవకూడదని ఆమె పట్టుదల. రెండోది, షార్జాలో జరుగుతున్న ఒక ప్రదర్శన చూడటం. నాలుగు వందల ఏళ్ళ కిందట లండన్‌లో ఒక ప్రింటరు అచ్చేసిన పుస్తకాలట, వాటిలో మంత్రసానుల పుస్తకం కూడా ఉందట. "మన పనివాళ్ళ పుస్తకమే, చూడకుండా ఎలా ఎల్తాను?" అంది. మా పుస్తకం అచ్చవుతున్న ప్రెస్సు ఉమ్ అల్ క్వైన్‌లో, షార్జా దాటితే వచ్చేస్తుంది. ఒకే రోజులో రెండూ అయిపోతాయని ప్లాను వేసింది నేను. ఆ రోజు శుక్రవారమని పట్టించుకోనిది కూడా నేనే.

బనియాస్ నుంచి షార్జా వెళ్ళాలనుకునేవాళ్ళకు మొదటి చిరాకు ఇక్కడే మొదలవుతుంది. షార్జా ముందుకుంటే, మేము బస్సు కోసం వెనక్కి అబుదాబి సిటీకి వెళ్ళాం. ఉదయం అయిదుకు బయల్దేరి ఆరున్నరకు షార్జా బస్సు ఎక్కాం. మనిషికి ముప్ఫై అయిదు దిర్హాములు. ఏసీ ఎంత చల్లగా ఉందంటే, జూన్ నెలలో సుగుణక్క చున్నీ రెండు చుట్లు చుట్టుకుంది. షార్జాలో దిగేసరికి తొమ్మిది. అక్కడ మా అబుదాబి కార్డు పనికిరాదన్నారు. ఒకే దేశంలో ఊరికో బస్సు కార్డు ఏమిటో నాకు ఈ పదేళ్ళలో అర్థం కాలేదు. ఎండలో నిలబడే ఓపిక లేక ఉమ్ అల్ క్వైన్‌కు టాక్సీ మాట్లాడుకున్నాం. డ్రైవరు పెషావర్ మనిషి. "జుమ్మా హై మేడం, గ్యారా బజే సబ్ బంద్" అని ముందే చెప్పాడు, శుక్రవారం నమాజుకు పదకొండుకల్లా అన్నీ మూసేస్తారని. "మాకు తెలుసులే" అన్నాను, తెలిసినదానిలా.

ప్రెస్సుకు చేరేసరికి పదింపావు. పుస్తకం పేజీలు పెట్టిన బిజు అనే మలయాళీ కుర్రాడు ఇంకా రాలేదు. వచ్చాక బైండింగు అతను రాలేదు. అతను వచ్చాక తాళంచెవి ముదీర్, అంటే మేనేజరు, దగ్గరుందన్నారు. నేను అందరి మీదా అరిచాను. సుగుణక్క మాత్రం కుర్చీలో కూర్చుని, కాన్పు ఆలస్యమైన తల్లిని చూసినంత ఓపిగ్గా వాళ్ళని చూస్తూ ఉంది. పదకొండుకు అయిదు నిమిషాలుందనగా రెండు వందల పుస్తకాలు రెండు పెట్టెల్లో చేతికొచ్చాయి. "ఖలాస్, అయిపోయింది, మండే కలుద్దాం" అని షట్టర్ దించేశారు. ఆకుపచ్చ అట్ట మీద అక్క పేరు చక్కగా ఉంది. నేను అట్ట చూశాను, వెనక అట్ట చూశాను, వాసన కూడా చూశాను. లోపల చూడలేదు.

తిరుగు ప్రయాణం మాత్రం బస్సులో చేశాం, షార్జాకు దగ్గర దగ్గర గంట పట్టింది. ప్రదర్శన దగ్గరకు వెళ్తే తలుపు మూసి ఉంది. శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచే తెరుస్తారట. బోర్డు మీద రాసే ఉంది, వాళ్ళ వెబ్‌సైటులోనూ రాసే ఉంది, చదవనిది నేనొక్కదాన్నే. ఆ రెండు పెట్టెలు మోసుకుంటూ దగ్గర్లో ఒక బిర్యానీ హోటల్లో దూరాం. పద్దెనిమిది దిర్హాముల చికెన్ బిర్యానీతో మూడు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో, సర్వర్ చూపులు పడ్డవాళ్ళకే తెలుస్తుంది. చివరి గంట సుగుణక్క అతనికి బీపీ గురించి సలహాలు చెప్పి కాస్త మెత్తబరిచింది.

నాలుగింటికి లోపలికి వెళ్ళాం, టిక్కెట్టు లేదు. పెట్టెలు బయట లాకర్‌లో పెట్టమన్నారు. అక్క ఒక కాపీ మాత్రం హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది, బారసాల పిల్లను వదల్లేనట్టు. హాలు చీకటి చీకటిగా ఉంది, పాత కాగితానికి వెలుతురు పడదట. ఆ లండన్ పెద్దమనిషి చేతికందిందల్లా అచ్చేశాడు. చర్చి ప్రసంగాలు, పంచాంగాలు, వీధుల్లో పాడే పాటల కాగితాలు, గుర్రాల వైద్యం. మంత్రసానుల పుస్తకం మూడో అద్దాల పెట్టెలో ఉంది. ఇంత దూరం వచ్చింది దానికోసమే కదా, తెరిచి పెట్టింది ఒక్క పేజీయే! అదైనా చదువుదామంటే ఎస్ అక్షరం చూడ్డానికి ఎఫ్ లాగా ఉంది. అక్క కళ్ళద్దాలు సవరించుకుని కూడబలుక్కుంటూ చదివి, "సిస్టర్ అనాల్సింది ఫిఫ్టర్ అనేశాడే. ఇన్నేళ్ళు చేసి చివరికి మనం ఫిఫ్టర్లం!" అని నవ్వింది.

ఆ నవ్వుకి, మూల నిలబడ్డ సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చాడు. "తెలుగోళ్ళా అక్కా? మాది జగిత్యాల దిక్కు. రాజన్న నా పేరు. రెండు నెలల సంది ఈ బుక్కులకు కాపలా ఉంటున్న. తెలుగు మాట ఇనక ఎన్నొద్దులైందో!" అన్నాడు. అక్క పొంగిపోయి, ఇది నేను రాసిన పుస్తకం తమ్ముడూ, అంటూ బ్యాగులోని కాపీ తీసి అతని చేతిలో పెట్టింది. అతను పేజీలు తిప్పుతూ మాట మాటా పైకి చదువుతున్నాడు. పదకొండో పేజీ దగ్గర ఆగాడు.

"అక్కా, గిదేంది? కనెటప్పుడు తల్లిని ముక్కు అన్నకాడ పక్కన 'లా తిద్ఫయీన్' అని ఉన్నది. లా అంటె వద్దనే గద? అబుదాబి ఐకాడ్ లేబర్ క్యాంపుల ఆరేండ్లున్న, దినాం వందసార్లు ఇన్న ఆ ముచ్చట. ముక్కుమనెటానికి వద్దంటరా?"

అక్క పుస్తకం లాక్కుంది. ముక్కొద్దు పక్కన 'శ్వేయ్ శ్వేయ్', అంటే నెమ్మదిగా అని. ముక్కు పక్కన ముక్కొద్దనే మాట. అయిపోయింది పక్కన 'ఇద్ఫయీ', ముక్కమని. ముక్కొద్దు నుంచి కిందికి తెలుగు మాటలన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. బిడ్డ తల కనిపిస్తున్నప్పుడు, ఏ కొత్త పిల్లో ఈ పుస్తకాన్ని నమ్మి, ముక్కాల్సిన తల్లిని ముక్కొద్దని అరుస్తుంది. అక్క మొహంలో రక్తం లేదు.

నేను బిజును తిట్టడం మొదలెట్టాను. వాట్సాప్ తెరిచి సాక్ష్యం కోసం వెతికాను, దొరికింది. పది రోజుల కిందట ప్రూఫు చూసి నేనే పెట్టిన పదకొండో పేజీ ఫొటో. "నెమ్మదిగా అని రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసెయ్" అని ఇంగ్లీషులో రాసి, ఎర్ర సున్నా చుట్టాను, ఎడమపక్క తెలుగు మాటకి మాత్రమే. తెలుగు రాని బిజు సున్నాలో ఉన్నది తీసేశాడు. కుడిపక్క అరబ్బీ మాట అలాగే ఉండిపోయింది. అంతవరకూ డ్రైవరుదీ, ప్రెస్సుదీ, శుక్రవారానిదీ అనుకున్న తప్పంతా వచ్చి నా నెత్తిన కూర్చుంది. ఇంకోటి కూడా ఉంది, సిగ్గేసి ఇందాక చెప్పలేదు. ఉమ్ అల్ క్వైన్ నుంచి వచ్చిన బస్సులో ముగ్గురు తెలుగు నర్సమ్మాయిలు కనిపిస్తే, గొప్పకు పోయి మూడు కాపీలు పంచిపెట్టాను. పేర్లడగలేదు. ఒకమ్మాయి మాత్రం సోమవారం కాన్పుల వార్డులో చేరుతున్నానంది.

నాకు ఏడుపొచ్చింది, హాల్లోనే ఏడ్చాను. రాజన్న కంగారుపడి, "పరేషాన్ కాకు అక్కా, ఈడికి రా ఒకసారి" అంటూ చివరి పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో పుస్తకం ఆఖరి పేజీ తెరిచి ఉంది. పక్కనున్న కార్డు చదివాను. ఆ రోజుల్లో అచ్చయ్యాక తప్పులు దొరికితే, కాగితం ఖరీదు కాబట్టి మళ్ళీ అచ్చేసేవాళ్ళు కాదట. చివర్లో, తప్పించుకుపోయిన తప్పులు అని పేరు పెట్టి, ఏ పేజీలో ఏ వరుసో జాబితా ఇచ్చి, చదివే ముందు కలంతో దిద్దుకోండి అని పాఠకుల్ని అడిగేవాళ్ళట. ఈ ప్రింటరు అయితే తప్పులన్నీ పనివాళ్ళ మీదికి తోసేశాడు కూడా. "గీడ చూడు, ఎవలో నిజంగనే దిద్దిండ్రు. రోజూ చూస్త నేను" అంటూ రాజన్న పక్క పేజీ చూపించాడు. ఒక మాట మీద అడ్డగీత, అంచున గోధుమరంగు సిరాతో చిన్న అక్షరాలు. ఆ చెయ్యి ఎవరిదో కార్డులో లేదు.

అక్క అప్పటికే బ్యాగులోంచి పెన్ను తీసింది. రాజన్న గతుక్కుమని, "లోపల పెన్ను నడ్వదక్కా, పెన్సిలే" అన్నాడు. అంత బాధలోనూ నాకు ఒళ్ళు మండింది. బయట లాకర్ల పక్కన బెంచీ మీద పెట్టెలు విప్పుకుని కూర్చున్నాం. తెలుగు మాట నుంచి కింది వరుసలోని అరబ్బీ మాటకు ఏటవాలు గీత, పేజీకి మూడు గీతలు. నిగనిగలాడే కాగితం కావాలని పట్టుబట్టింది కూడా నేనే, ఇంకు ఆరి చావలేదు. గీయడం, ఊదడం, పక్కన పెట్టడం. రాజన్న విరామంలో వచ్చి టీ తాగకుండా ఒక్కో పుస్తకం పదకొండో పేజీ తెరిచి అందించాడు. ఏడున్నరకు నూట తొంభై ఏడూ పూర్తయ్యాయి. "చివర్లో ఒక ముక్క రాద్దాం అక్కా, తప్పు నాదని" అన్నాను. "ఎవరిదైతే ఏవిటే, దిద్దాం కదా. ఆ లండనాయనలా పేర్లు పెట్టొద్దు" అంది.

అక్క ఆదివారం వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో కౌగిలించుకున్నప్పుడు కూడా, జాగ్రత్త అనలేదు, మళ్ళీ కలుద్దాం అనలేదు. "ఆ ముగ్గురు పిల్లలు" అంది, అంతే. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని వందల బిడ్డల్ని చేతుల్లోకి తీసుకుందో, ఆమె మనసులో మాత్రం ఇంకా పుట్టని ఒక బిడ్డ భయమే మిగిలింది. అది పెట్టింది నేను. నాకు ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మీదే విసుగు. ఈ ప్రయాణం గురించి రాయాలనుకున్నది కూడా ఎండ గురించో బస్సుల గురించో కాదు. ప్రదర్శన చూడాలనుకునేవాళ్ళు శుక్రవారమైతే నాలుగు తర్వాతే వెళ్ళండని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

నేనిచ్చే సలహా ఒక్కటే, అది ఆ ముగ్గురిలో ఎవరైనా చదువుతారన్న ఆశతో. మీ దగ్గరున్న ఆకుపచ్చ అట్ట పుస్తకంలో పదకొండో పేజీ తీయండి. అక్కడ గీతలు లేకపోతే, ఇప్పుడే, డ్యూటీకి వెళ్ళకముందే పెన్ను తీసుకుని, ముక్కొద్దు నుంచి ఆఖరిదాకా ప్రతి తెలుగు మాటనూ కుడిపక్క కింది వరుసలోని అరబ్బీ మాటకు కలపండి. ముక్కు అంటే 'ఇద్ఫయీ'. తప్పు నాది, జ్యోతిది; సుగుణక్కది కాదు.