మిగిలిన పాతిక నిమిషాలు

దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మండేది. ముప్పై రెండేళ్లుగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా వ్యాగన్ల కింద పడుకుని బతుకుతున్నవాణ్ణి నేను. పాత కమ్మరి షాపులో మనిషి లేకుండానే సుత్తి మోగుతుందని మావాళ్లు చెప్పుకుంటుంటే, పని ఎగ్గొట్టడానికి మంచి సాకు దొరికిందిరా మీకు అని తిట్టేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మా తమ్ముడు సూరిబాబు మంచి పాటగాడు. ఇక్కడి తెలుగువాళ్ల భజన సమాజంలో శనివారం శనివారం వాడే ముందుపాట పాడేవాడు. అంతకుముందు ఇంట్లో కూర్చుని టేప్‌రికార్డర్లో ఒకసారి పాడుకుని, విని, బాగోలేకపోతే మళ్లీ పాడేవాడు. అలా ఇరవై మూడు కేసెట్లు పోగయ్యాయి. ముప్పై ఒకటో ఏట కామెర్లు ముదిరి పోయాడు. ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"కేసెట్లు జాగ్రత్త అన్నా. అమ్మ ఇంటాది."

అది జరిగి పంతొమ్మిదేళ్లు. అమ్మ రోజూ దీపం పెట్టగానే సూరిగాడి పాట వినాల్సిందే. చూపు తగ్గింది, మోకాళ్లు పోయాయి, ఆ వినడం మాత్రం మానలేదు. ఏ కేసెట్లో ఏ పాట తర్వాత ఏది వస్తుందో, వాడు ఎక్కడ దగ్గుతాడో కూడా ఆవిడకు కంఠతా వచ్చు.

ఇక్కడి చెమ్మకు కేసెట్లు బూజు పట్టాయి. టేప్‌రికార్డర్ రెండు కేసెట్ల టేపు నమిలేస్తే అతికించుకున్నాను. ఇలా అయితే లాభం లేదని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. టేప్‌రికార్డర్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు వేసి, ఒక్కో కేసెట్టూ మొదటినుంచి చివరిదాకా పాడించాలి. ఎందుకైనా మంచిదని ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ కూర్చునేవాణ్ణి. ఒక్కో వైపు అరగంట. నలభై ఆరు ఫైళ్లు వచ్చాయి. ఏదీ ముప్పై ఒక్క నిమిషం దాటలేదు. ఈ లెక్క గుర్తుంచుకోండి.

వాటిని ఒక హార్డ్ డిస్కులో పెట్టి, ఇంకో డిస్కులోకి నకలు తీశాను. వ్యాగన్ మీద రాసినట్టే రెండు డిస్కుల మీదా తెల్ల పెయింటుతో నంబరు వేసి, మళ్లీ ఎప్పుడు పరీక్ష చెయ్యాలో నెల కూడా రాశాను. ఒకటి అమ్మ వినడానికి ల్యాప్‌టాప్ దగ్గర, రెండోది బీరువాలో. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల్ని నేనే నరుక్కోవాలనిపిస్తుంది. మా షాపులో ఒక పద్ధతి ఉంది. పనికిరాదని తేల్చిన సామానుని కండెమ్ అంటాం. కండెమ్ చేసినదాని మీద పెయింటుతో అడ్డగీతలు గీసి, గ్యాసుతో కోసేస్తాం. కొయ్యకపోతే ఎవడో ఒకడు దాన్నే తెచ్చి మళ్లీ బండికి బిగిస్తాడు, ప్రాణాల మీదికి వస్తుంది. ముప్పై రెండేళ్లు అదే చేసిన చేతులు కదా. కేసెట్ల పని అయిపోయింది, కండెమ్ అనుకున్నాను. టేపంతా బయటికి లాగి కత్తెర పుచ్చుకున్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏటండీ ఇది, నోరు లేని కేసెట్లు మీకేటి అడ్డమొచ్చినాయి? ఓ మూల పడుంటాయి, ఉంచీండి."

"బూజు పట్టినవి ఇంట్లో ఉంచుకుని రోగాలు తెచ్చుకోమంటావేటి?" అని కసిరాను. ఇరవై మూడూ కోసేశాను. అమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఆ కత్తెర చప్పుడంతా వింది.

నాలుగు నెలలకు మొదటి డిస్కు చెడిపోయింది. దానికేం, రెండోది ఉందిగా అని ధీమాగా కొత్త డిస్కు తెచ్చి రెండూ తగిలించాను. రెండు డిస్కులూ ఒకేలా ఉండేట్టు చేసే ప్రోగ్రాం ఒకటి వాడేవాణ్ణి. ఏది చూసి ఏది మారాలో చెప్పేచోట తిరగేసి నొక్కాను. నిండుగా ఉన్నదాన్ని చూసి ఖాళీది నిండాలి కదా, ఖాళీదాన్ని చూసి నిండుది ఖాళీ అయిపోయింది. క్షణంలో పని. మళ్లీ మళ్లీ తెరిచి చూశాను. ఏమీ లేదు.

ఆ సాయంత్రం అమ్మ దీపం పెట్టి అడిగింది. "ఒరే పెద్దోడా, సూరిగాడి పాట ఎయ్యరా." వైరు పోయిందమ్మా, రేపు తెస్తానన్నాను. మర్నాడూ అదే చెప్పాను. నాలుగో రోజునుంచి అడగడం మానేసింది. దీపం పెట్టి, నల్లగా ఉన్న ల్యాప్‌టాప్ వైపు తిరిగి ఊరికే కూర్చునేది. రాత్రి అన్నం రెండు ముద్దలకు తగ్గింది. నా తల్లి నోటి దగ్గర కూడు నేనే లాగేశానని కుమిలిపోయాను, కానీ నిజం చెప్పే ధైర్యం రాలేదు.

గోల్‌బజార్లో కంప్యూటర్లు బాగుచేసే ఒక బెంగాలీ దాదా ఉన్నాడు. పోయిన ఫైళ్లు వెనక్కి తీస్తాడని విని డిస్కు తీసుకెళ్లాను. మూడు వారాలు తిప్పించుకున్నాడు. చివరికి డిస్కు చేతిలో పెట్టి చెప్పాడు.

"దాదా, ఏక్ హీ ఫైల్ మిలా. బాకీ సబ్ గయా."

ఒక్క ఫైలే దొరికిందట, మిగతావన్నీ పోయాయట. ఆ ఒక్కటీ దొరికినందుకే ఆయనకు దణ్ణం పెట్టాను. ఇంటికొచ్చి ముందు దాన్ని రెండు చోట్ల నకలు తీశాను. అప్పుడు చూశాను నిడివి. గంటా ఇరవై రెండు నిమిషాలు.

దీపం వేళకు అమ్మ పక్కన కూర్చుని పెట్టాను. మొదట నేలమీద ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చిన చప్పుడు. తర్వాత సూరిబాబు గొంతు. సందేహమే లేదు, వాడే. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి ఆవిడ తల పక్కకు తిప్పి అడిగింది.

"ఇది ఎప్పుడు పాడినాడురా? ఈ పాట నేనెప్పుడూ ఇన్లేదు."

పాతదే అమ్మా అన్నాను. కానీ నాకూ తెలియని పాటే అది. పైగా పాట వెనక ఇంకేవో వినబడుతున్నాయి. టోటో హారన్. బ్యాటరీతో నడిచే ఈ బళ్లు మా ఊళ్లోకి వచ్చేసరికి సూరిబాబు పోయి చాలా ఏళ్లయింది. ఆ వెనకే ఫ్యాను టిక్కు టిక్కుమంటోంది. ఈ క్వార్టర్సుకి మారాక పెట్టించిన ఫ్యాను అది, కిందటి వేసవిలోనే టిక్కుమనడం మొదలెట్టింది.

పన్నెండో నిమిషంలో పాట ఆగింది. అమ్మ గొంతు, ఇప్పటి ముసలి గొంతు, "తిన్నావేట్రా సూరీ?" అంది.

"తిన్నానే అమ్మా" అన్నాడు వాడు. మళ్లీ పాట అందుకున్నాడు.

నేను ఇంజినీర్ని కాకపోయినా మెకానిక్ బుర్ర నాది. వెంటనే కారణం వెతికాను. ఎప్పుడో నాకు తెలియకుండా ల్యాప్‌టాప్ మైకు ఆన్‌లో ఉండిపోయి గదిలో చప్పుళ్లన్నీ ఎక్కి ఉంటాయి. అమ్మ పాట వింటూ వాడితో మాట్లాడుతుంది, అలవాటే. జవాబు కేసెట్లోదే అయి ఉంటుంది. ఇలా సర్దిచెప్పుకుని వింటూనే ఉన్నాను.

నలభై నాలుగో నిమిషంలో దూరంగా వర్క్‌షాపు సాయంత్రం సైరన్ మోగింది. సైరన్‌తో పాటు పాట ఆగిపోయింది. ఆ తర్వాత ఉత్త ఫ్యాను చప్పుడే. యాభై ఆరో నిమిషంలో గేటు తీసిన చప్పుడు, సైకిలు స్టాండు వేసిన చప్పుడు. అప్పుడు నా గొంతు.

"అమ్మా. అమ్మా. లేవే. అమ్మా!"

స్టీలు గ్లాసు కింద పడి దొర్లింది. నేను గబుక్కున ఆపేశాను. ఏమైందిరా అంది అమ్మ. కరెంటు పోయిందన్నాను.

నేను రోజూ ఇంటికి రాగానే అమ్మా అని పిలుస్తాను. ఆవిడ కునుకు తీసినరోజు ఎప్పుడో పిలిచి ఉంటాను. అలాగే అనుకున్నాను. కానీ ఆ గొంతులో ఉన్న భయం నా చెవుల్లోంచి పోలేదు. మర్నాటినుంచి రోజూ నేనే పక్కన కూర్చుని నలభై మూడు నిమిషాలకు ఆపేసేవాణ్ణి. అమ్మ మళ్లీ కడుపునిండా తినడం మొదలుపెట్టింది. నాకు అది చాలు.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. పంతొమ్మిదో రోజు సాయంత్రం సైరన్ మోగాక షాపులోంచి బయటపడ్డాను. ఇంటికి సైకిలు మీద పన్నెండు నిమిషాలు. మా ఆవిడ చేపల కోసం గోల్‌బజార్ వెళ్లింది. అమ్మ కుర్చీలో తల ఒకవైపు వాల్చి ఉంది. పిలిచాను. పలకలేదు. భుజం పట్టుకుని కుదిపాను. మళ్లీ పిలిచాను. బల్లమీది గ్లాసు తీసుకుని నీళ్లు తాగించబోతే గ్లాసు జారింది. నేలమీద పడి, మంచం కిందికి దొర్లింది.

ఆ దొర్లే చప్పుడు వినగానే తెలిసింది నాకు. తల ఎత్తి చూస్తే పైన ఫ్యాను టిక్కు టిక్కుమంటోంది. ల్యాప్‌టాప్ మూసి ఉంది. డిస్కులన్నీ బీరువాలో ఉన్నాయి, తాళం చెవి నా జేబులో ఉంది. అమ్మకు ఎదురుగా, ఎప్పుడూ గోడవార ఉండే ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. ఆ మోకాళ్ల నొప్పులతో ఆవిడ కుర్చీ జరపగలిగేది కాదు. తను జరపలేదని మా ఆవిడ తర్వాత దేవుడి పటం మీద ఒట్టు పెట్టి చెప్పింది.

అరగంటకు వచ్చిన డాక్టరు, ప్రాణం పోయి ముప్పావుగంట అయి ఉంటుందన్నాడు. లెక్క వేశాను. సైరన్ మోగే వేళే.

డాక్టరు రాకముందు, ఆ గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, నేనొక పని చేశాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ ఖాళీ కుర్చీ ముందు నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అన్నాను.

"ఒరే సూరీ, కేసెట్లన్నీ నేనే కోసీసినాన్రా. జాగ్రత్త అన్నావు, నేనే కోసీసినాను. నన్ను ఏటి సేస్తావో సెయ్యరా."

గదిలో నాకు ఏ జవాబూ వినబడలేదు.

పన్నెండో రోజు కార్యం అయ్యాక ఆ ఫైలుని కండెమ్ చేసేద్దామని బీరువా తీశాను. డిస్కులన్నీ తీసి సుత్తి కింద పెట్టాను కూడా. చెయ్యి రాలేదు. తమ్ముడి గొంతు, అమ్మ గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క ఫైల్లోనే.

బెంగాలీ దాదాని అడిగాను. వేరే ఎవరి ఫైలన్నా కలిసిపోయిందా అని. నవ్వేశాడు. షాపులో చదువుకున్న కుర్రాళ్లని అడిగాను, మైకు సంగతే చెప్పారు. మైకు జరిగినదాన్ని ఎక్కిస్తుంది, జరగబోయేదాన్ని ఎలా ఎక్కిస్తుందో ఎవరూ చెప్పలేదు. నాకూ ఈరోజుకీ అర్థం కాలేదు.

మూడు నెలలకోసారి దాన్ని కొత్త డిస్కులోకి నకలు తీసి తెల్ల పెయింటుతో నెల రాస్తున్నాను. దీపం వేళకు పెట్టుకుని నలభై మూడు నిమిషాలు వింటున్నాను. తిన్నావేట్రా అని అమ్మ అడుగుతుంది, తిన్నానే అని వాడంటాడు. అక్కడ ప్రతిసారీ నాకు ఏడుపొస్తుంది.

గ్లాసు పడ్డాక ఇంకా పాతిక నిమిషాలు ఉంది. నేను వాడితో చెప్పుకున్నదంతా అందులోనే ఉండాలి. వాడు ఏమన్నా అని ఉంటే అది కూడా అందులోనే ఉండాలి. వేలు బటన్ మీదికి చాలాసార్లు వెళ్లింది. ఇంతవరకూ నొక్కలేదు.