నాలుగు వందల పదిహేడో నంబరు కాగితం

1994 నవంబరు తొమ్మిది, బుధవారం, పొద్దున్న ఏడు గంటల ఇరవై నిమిషాలకు నా బల్ల మీద, బయటికి వెళ్ళే కాగితాలుంచే ఆకుపచ్చ ట్రే ఖాళీగా కనిపించింది. మామూలుగా ఆ వేళకు అది ఖాళీగానే ఉండాలి. ఉంటే నా పని సక్రమంగా జరిగినట్టు లెక్క. ఆ రోజు మాత్రం ట్రేని బోర్లించి మరీ చూశాను. ఎందుకంటే ముందురోజు సాయంత్రం ఆ ట్రేలో అన్నిటికన్నా అడుగున నేను దాచిన కాగితం ఆఫీసు దాటవలసింది కాదు.

అంతకు ముందు ఏడాది అక్టోబరులో ఖతార్ రాజధాని దోహాలోని ఒక అమెరికన్ కన్సల్టెన్సీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరాను. బీకాం, ఇంగ్లీషు టైపు హయ్యరు, కొవ్వూరులో రెండేళ్ళ గుమస్తా అనుభవం నా అర్హతలు. ఈమధ్యే, ముప్పై మూడేళ్ళకే, ఆ ఉద్యోగం మానేశాను. శుక్రవారం ప్రార్థన కూటంలో స్నేహితురాళ్ళు నన్ను ‘రిటైర్డ్ ఆఫీసరు గారూ’ అని ఏడిపిస్తున్నారు. రిటైరైనవాళ్ళకు జ్ఞాపకాలు రాసుకునే హక్కుంటుంది కదా! పిల్లలు పడుకున్నాక ఆ హక్కు వాడుకుంటున్నాను.

మా పని ఏమిటో చెప్పాలి. మెసైమీర్ వైపు కట్టే ఒక పంపుహౌసుకు మా ఆఫీసు నక్షాలు గీస్తుంది. ప్రతి నక్షా, ప్రతి ఉత్తరం ఒక పంపకపు పత్రంతో క్లయింటు ఆఫీసుకు వెళ్ళాలి. దాన్ని ట్రాన్స్‌మిటల్ అంటారు. దానికొక నంబరు, ఎన్నిసార్లు సవరించారో చెప్పే రివిజన్ సంఖ్య (మొదటిసారైతే సున్నా), మా రెసిడెంట్ ఇంజినీరు సంతకం ఉండాలి. రెసిడెంట్ ఇంజినీరంటే సైటులో కంపెనీ తరఫున అందరికన్నా పెద్ద. ఆయన రోజుకు నలభై సంతకాలు పెట్టలేరు కాబట్టి రబ్బరు సంతకం ఒకటి నా సొరుగులో ఉండేది. అవతలి ఇంజినీర్లు పరిశీలించి ఒక కోడ్ వేసి తిప్పి పంపుతారు. ఎ అంటే ఆమోదం. బి అంటే సవరణలతో ఆమోదం. సి అంటే తిరస్కారం, సరిచేసి మళ్ళీ పంపాలి. సి పడిన రోజున మా డ్రాఫ్ట్స్‌మెన్ మధ్యాహ్నం అన్నం కూడా తినరు.

అప్పటి మా రెసిడెంట్ ఇంజినీరు హార్లన్ గారు, అమెరికన్. మంచివాడే, కానీ రాజకీయం మొదలుపెడితే టీ చల్లారిపోయేది. వాళ్ళ దేశంలో అధ్యక్షుడు నాలుగేళ్ళు కదలడు. రెండేళ్ళకు మాత్రం కింది సభ మొత్తానికీ, పై సభలో మూడో వంతుకూ ఎన్నికలు వస్తాయి. అధ్యక్షుడి మీద కోపం ఉంటే జనం అక్కడ తీర్చుకుంటారు. హార్లన్ గారిది అధ్యక్షుడి పార్టీ. తమ పార్టీ చెక్కుచెదరదని ఆగస్టు నుంచీ మాకు గోడమీద బొమ్మలు గీసి మరీ వివరిస్తున్నారు. రోజూ ఆ ట్రేలోవి క్లయింటుకు పట్టుకెళ్ళే మా డ్రైవరు నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. అతన్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు.

“కుర్సీల కూసున్నోన్నే గదమ్మా కొడ్తరు. నిలబడ్డోన్ని ఎవడు కొడ్తడు?”

నాకూ అదే అనిపించింది. మంగళవారం సాయంత్రం, అక్కడ ఇంకా ఓట్లు పడుతుండగానే, ఒక ఖాళీ ట్రాన్స్‌మిటల్ ఫారం తీసుకుని టైపు చేశాను. సమర్పించినవారు: అధికార పార్టీ. విషయం: అధ్యక్షుల వారి రెండేళ్ళ పాలన, రివిజన్ సున్నా. పరిశీలించినవారు: ఓటర్లు. ఫలితం: కోడ్ సి. ముద్ర లేని కాగితానికి మా ఆఫీసులో పరువు లేదు కనుక హార్లన్ గారి రబ్బరు సంతకం కూడా గుద్దాను. వరసలో తర్వాతి నంబరు 417 వేశాను. పొద్దున్నే డ్రాఫ్ట్స్‌మెన్‌కు చూపించి నవ్వించాలని నా ఉద్దేశం. అంతలో హార్లన్ గారే అటు వచ్చారు. చేతికి దగ్గరగా ఉన్న ఆకుపచ్చ ట్రేలో అడుగుకి దాన్ని తోసేశాను. ఆ తర్వాత పిల్లలు ఇంట్లో ఎదురుచూస్తుంటారని, దాన్ని తీయడం మరిచి పరుగెత్తాను.

నర్సయ్య ఎనిమిదింటికి క్లయింటు ఆఫీసు నుంచి తిరిగొచ్చాడు.

“నర్సయ్యా, అడుగున ఉన్నది కూడా పట్టుకెళ్ళావా?”

“ముద్ర ఉంటే పట్కపొమ్మని నువ్వే చెప్తివి గదమ్మా. ముద్ర ఉండె, పట్కపోయిన. ఏందట్ల జూస్తున్నవ్? బాంబేమన్న వెట్టినవా?”

పెట్టినట్టే. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మేముండే ఫ్లాటు కంపెనీ నా పేరు మీద ఇచ్చింది. మావారు దోహాకు దూరంగా రాస్ లఫాన్ పని క్యాంపులో ఉండి గురువారాలు మాత్రం ఇంటికి వచ్చేవారు. ఉద్యోగం పోతే ఫ్లాటు పోతుంది. ఫ్లాటు లేకపోతే పిల్లలిద్దరినీ తీసుకుని నేను కొవ్వూరు వెళ్ళిపోవలసిందే. పై అధికారి సంతకాన్ని ఆటకు వాడిన గుమస్తాను ఎవరు ఉంచుకుంటారు?

క్లయింటు ఆఫీసులో కాగితాలు అందుకునేది ఫారూఖ్ అనే సూడానీ పెద్దమనిషి. ఫోన్ చేసి, 417 పొరపాటున వచ్చింది, వెనక్కి ఇవ్వండని బతిమాలాను.

“సిస్టర్, అందినట్టు ముద్ర పడింది. ఖలాస్. ఇక అది నీదీ కాదు, నాదీ కాదు, ఫైలుది. ఇంతకీ ఇది ఏ భవనానికి సంబంధించింది?”

“ఒక పెద్ద తెల్ల భవనానికి,” అన్నాను. అంత భయంలోనూ నోరు ఊరుకోలేదు.

వెనక్కి రప్పించడానికి రెండే దారులున్నాయి. రెసిడెంట్ ఇంజినీరు స్వయంగా సంతకం చేసిన ఉపసంహరణ లేఖ ఒకటి. రెండోది, అదే నంబరుతో రివిజన్ ఒకటి పంపడం. కొత్తది అందగానే పాతదాన్ని రద్దుచేసి మనకు తిప్పి పంపాలని నియమం. హార్లన్ గారు తెల్లవారుజాము నుంచీ టీవీ ముందే కూర్చుని, ఎర్రబడిన కళ్ళతో తొమ్మిదింటికి వచ్చారు. నలభై ఏళ్ళ తర్వాత రెండు సభలూ వాళ్ళ చేయి జారాయట. ఆ ముఖం చూశాక మొదటి దారి మూసుకుపోయింది. పంపుహౌసు తలుపుల జాబితా ఒకటి సిద్ధంగా ఉంటే, దానికి 417 నంబరు, రివిజన్ ఒకటి వేసి, మళ్ళీ అదే రబ్బరు సంతకం గుద్ది, నర్సయ్యను తరిమాను. యల్లా, యల్లా, పద పద!

మధ్యాహ్నం విరామానికి ఇంటికి వెళ్ళి, అన్నం పెడుతూ పిల్లల్ని మెల్లగా అడిగాను, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటారా అని. ఏడుస్తారనుకున్నాను. ఏడేళ్ళ జోయెల్ కంచం వదిలేసి క్రికెట్ బ్యాటు సర్దుకోవడానికి లేచాడు. అయిదేళ్ళ రూతు, “ఇవాళేనా?” అంది.

మూడున్నరకు నర్సయ్య ఒక కవరు తెచ్చాడు. పై చిరునామా నాది కాదు, హార్లన్ గారిది. పావుగంటకు లోపలి నుంచి పిలుపు వచ్చింది.

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. పరిశీలించినది క్లయింటు ఇంజినీరు జాసిమ్. అమెరికాలో చదువుకుని వచ్చిన ఖతరీ యువకుడు. రివిజన్ సున్నా మీద ఆకుపచ్చ సిరాతో రాశాడు: ‘కోడ్ సి సరైనదే. రెండు సభలూ అదే అన్నాయి. సరిచేయడానికి రెండేళ్ళ గడువు.’ తలుపుల జాబితా మీద ఇలా ఉంది: ‘రివిజన్ సున్నాలో ఉన్న అధ్యక్షుడు రివిజన్ ఒకటికి పదిహేడు ఇనుప తలుపులుగా ఎలా మారాడో దయచేసి వివరించండి.’

హార్లన్ గారు రెండూ మరోసారి చదివారు. తర్వాత మొదటి కాగితం చూపించి, “ఇది ఎప్పుడు టైపు చేశావు?” అన్నారు. నిన్న సాయంత్రమని చెప్పాను. “లెక్కింపు మొదలవక ముందే?” అవునన్నాను. ఆయన పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వో నొప్పో తెలియలేదు.

“మిసెస్ సలోమి, ఇది పరాచికం. వచ్చే వారమైతే నేనూ నవ్వేవాణ్ణి,” అన్నారు. తలుపుల జాబితాను నావైపు జరిపారు. “ఇది మాత్రం పరాచికం కాదు. నా గది నీ బల్లకు పది అడుగుల దూరం. నడిచి వచ్చి చెప్పాల్సింది.”

రబ్బరు సంతకం తెమ్మన్నారు. తెచ్చి ఇస్తే తన సొరుగులో పెట్టి తాళం వేశారు. హెచ్చరిక మెమో ఒకటి తానే టైపు చేసి, తానే సంతకం పెట్టి ఇచ్చారు. దానికి 418 నంబరు వేసి ఫైలు చేయవలసింది కూడా నేనే. కాంట్రాక్టు రద్దు ఊసు అందులో లేదు. రెండుసార్లు చదివి చూసుకున్నాను.

బయట నర్సయ్య ఎదురుచూస్తున్నాడు.

“ఏమన్నడమ్మా సారు? కొలువున్నదా, పోయిందా?”

“ఉంది, నర్సయ్యా.”

“గట్లయితే రేపటి సంది ముద్ర ఒక్కటే జూసి పట్కపోను. నిన్ను గూడ అడుగుత. నీ మీద నమ్మకం పోయిందమ్మా!”

నేను పనిచేసిన తర్వాతి ఏళ్ళలో హార్లన్ గారు ప్రతి ట్రాన్స్‌మిటల్ మీదా చేత్తోనే సంతకం పెట్టారు. రోజుకు నలభై. ఆయన వేలికి కాయ కాసింది. నా పరాచికం వల్ల కాదది, దాన్ని దాచబోవడం వల్ల. తప్పు కాగితం వెళ్తే దాని వెనక మరో కాగితం పంపకూడదు, మనిషి వెళ్ళాలి. తర్వాత నా చేతికింద చేరిన ఇద్దరమ్మాయిలకు మొదటిరోజే నేర్పింది ఇదే.

గురువారం పొద్దున్న జోయెల్ బ్యాటు, రూతు రెండు గౌన్లు తలుపు దగ్గర సంచిలో తయారుగా ఉన్నాయి. వాళ్ళకు ఉన్నదున్నట్టే చెప్పాను: “ఊరికి వెళ్ళడం లేదు. అమ్మ తప్పు చేసింది, దాచబోయి ఇంకో తప్పు చేసింది, తిట్లు తింది. ఉద్యోగం మాత్రం పోలేదు. ఏడుపు ఆపి బూట్లు వేసుకోండి, బస్సు వచ్చేస్తుంది.”