తడివి పొద్దున, ఎండువి మధ్యాహ్నం

మా వదిన, అంటే మా ఆయన అక్క, టమాటా మొక్కల మీద పరిశోధన చేసే డాక్టరు. ఆ సంగతి తెలియక పక్కింటావిడ ఒకసారి మోకాళ్ల నొప్పి చెప్పుకుంది. వదిన ఓపిగ్గా అంతా విని, మీరు టమాటా అయ్యుంటే ఏదో ఒకటి చేసేదాన్నండీ అంది. మనిషి అలాంటిది. ల్యాబులో మాత్రం ఆవిడ మాటకు ఎదురు లేదట.

మొక్కలో ఏ జన్యువు పని ఎప్పుడు ఆపాలో చూసుకునే చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలుంటాయి. ఇల్లంతా అరుచుకుంటుంటే ఒక్కరి భుజం తట్టి, ఇక చాల్లే అని ఊరుకోబెట్టే మనిషిలాంటివి అని వదిన నాకు చెప్పింది. ఎంత చిన్నవంటే, ఆకు నూరి మందులతో కడిగేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే చెత్తతోపాటు కొట్టుకుపోతాయి. నీళ్లు మాన్పించిన మొక్కల్లో అలాంటి ముక్క ఒకటి దండిగా దొరికింది. నీళ్లు పోసిన వాటిలో అంతంతమాత్రం. కరువుకు తట్టుకునే గుట్టు దొరికిందని ల్యాబంతా సంబరపడింది. వదిన శిష్యురాలు, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, ఏళ్ల తరబడి రాసిన పీహెచ్‌డీ పుస్తకమంతా ఆ ముక్క మీదే. ఇక యూనివర్సిటీకి ఇవ్వడమే తరువాయి.

ఈలోగా ఒకరోజు, కోసిన ఆకును అక్కడికక్కడే గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ ల్యాబుకు ఆలస్యంగా వచ్చింది. అన్ని మొక్కలనూ మధ్యాహ్నమే కోశారు. చూస్తే నీళ్లు తాగిన మొక్కల్లోనూ ఆ ముక్క అంతే దండిగా ఉంది.

ఆ సాయంత్రం వదిన కంచం ముందు కూర్చుందే గానీ ముద్ద దిగలేదు. రెండు రకాలూ కలిసిపోకూడదని పొద్దున్నే ముందు నీళ్లు పోసిన తడివి, తర్వాత నీళ్లు మాన్పించిన ఎండువి కోయాలన్న పద్ధతి ఆవిడ పెట్టిందే. కత్తెరలు కడిగి, బల్ల తుడిచి, ఎండువాటి దగ్గరకు వచ్చేసరికి రోజూ మధ్యాహ్నమయ్యేది. ఆ ముక్కకు కరువుతో పనే లేదు. పొద్దున తగ్గుతుంది, మధ్యాహ్నం పెరుగుతుంది, అంతే. నాకు ఒళ్లు మండింది. వేళకు తిండి తినడం చేతకాని ఈ మనుషులకు వేళ తప్పని మొక్క దాపురించింది.

ఆ పిల్ల గట్టెక్కాక నెమ్మదిగా చెప్పుకోవచ్చు కదా అన్నాడు మా ఆయన. నాకూ సబబుగానే తోచింది. వదిన మాత్రం అన్నీ ఒకే వేళకు కోయించి మళ్లీ చూసింది. తేడా లేదు. పైఅధికారి దగ్గరకు వెళ్లి, తప్పు నాది, పుస్తకం ఆపండి అని చెప్పి వచ్చింది. ఆ కబురు పిచ్చుకకు వేరేవాళ్ల నోట తెలియకూడదని ఇంటికి పిలిచింది.

ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుని అంతా వింది. ఏడుస్తుందేమోనని నేను మంచినీళ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఏడవలేదు.

"మొదటి ఏడాదే ఒకసారి ఇలా వచ్చింది మేడమ్," అంది. "బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చి, తడివి కూడా మధ్యాహ్నం కోశాను. తేడా కనిపించలేదు. మీకు చెప్పాను."

వదిన తలెత్తింది. "నేనేమన్నాను?"

"చేతి తప్పు, పారెయ్ అన్నారు."

వదినకు అది గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆవిడకు అదో పని ఒత్తిడి రోజు, వచ్చే పోయే పిల్లల్లో ఒకరికి చెప్పిన మాట. అసలు తప్పు కంటే ఆ మరుపే ఆవిడను ఎక్కువ కోసిందని మొహం చూస్తే తెలిసింది.

"మళ్లీ ఎందుకు అడగలేదే?" అంది చివరికి. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

"అడగడానికేముంది మేడమ్? మీరన్నారు, నేను నమ్మాను. అప్పట్నుంచి ఏది సరిగ్గా రాకపోయినా, నా చెయ్యే మంచిది కాదనుకుంటూ వస్తున్నాను."

మా ఆయన చప్పుడు చేయకుండా లేచి లోపలికి వెళ్లిపోయాడు. పిచ్చుక మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వస్తానండీ అంది. వదిన గుమ్మం దాకా వెళ్లింది. ఆ పిల్ల చేతుల వంక మాత్రం ఒక్కసారైనా చూడలేకపోయింది.